చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదా? విశాఖలో పాత కారును ఎవరికి చూపించాలి

మా నాన్నగారు పోర్టులో రిటైరైన ఏడాది కొన్న కారు అది. 2014 మోడల్, పెట్రోలు, మీటరు మీద 1,08,000 కిలోమీటర్లు. ఇప్పుడు నాన్న నడపడం మానేశారు, నేనే నడుపుతున్నాను. అమ్మను నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లేది అందులోనే. నిరుడు వానలు తగ్గాక ఒకరోజు పొద్దున్న లాసన్స్ బే కాలనీలో ఇంటి ముందు స్టార్ట్ చేశాను. ఇంజిన్ అందుకోగానే ఆరిపోవాల్సిన పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ ఆరలేదు.

శబ్దంలో తేడా లేదు, పికప్ తగ్గలేదు, పొగ లేదు. అయినా ఆ లైటు నాలుగు నెలలు ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టింది. ఆర్పించడం, మూడు నాలుగు రోజులకు మళ్లీ వెలగడం, ఇదే వరస. మా పేటలో షెడ్డు, కంపెనీ సర్వీస్ సెంటర్, గాజువాక ఆటోనగర్ అన్నీ తిరిగాను. ఏడున్నర వేల పైచిలుకు ఖర్చయింది. చివరికి దొరికింది చిట్లిన ఒక రబ్బరు గొట్టం. దాని ధర 340 రూపాయలు.

పాత కారున్న వాళ్లు చాలామంది ఇదే తిరుగుడు తిరుగుతున్నారు. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి, ఎవరి దగ్గర ఏ పని చేయించుకోవాలి అన్నది ఆ నాలుగు నెలల్లో నాకు బాగా తెలిసింది. ఒక్క మాట గట్టిగా చెబుతాను: ముందు లోపం తేల్చడానికి డబ్బులివ్వండి, పార్టుకు ఆ తర్వాతే ఇవ్వండి. లోపం తేల్చే పనికి నాలుగైదు వందలు అడిగితే మనం బేరమాడతాం, నాలుగు వేల సెన్సార్ మార్చేస్తానంటే మాత్రం సరేనంటాం. డబ్బు పోయేది అక్కడే.

ముందు లైటు తీరు చూడండి

లైటు నిలకడగా వెలుగుతుంటే కంగారు పడక్కర్లేదు. వారం పది రోజుల్లో చూపించుకోవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉందంటే లెక్క వేరు. ఒకటో రెండో సిలిండర్లలో పెట్రోలు సరిగా మండడం లేదని దాని అర్థం. మన మెకానిక్‌లు ఇంజిన్ మిస్సింగ్ అంటారే, అదే. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ లోపలి భాగం విపరీతంగా వేడెక్కి కరిగిపోవచ్చు. కొన్ని వందలతో పోయే ప్లగ్గు పని పదుల వేల కన్వర్టర్ ఖర్చుగా మారేది ఇలాగే. హనుమంతవాక దగ్గర లైటు అలా కొట్టుకోవడం మొదలైతే మధురవాడ దాకా లాగేద్దాం అనుకోకండి. పక్కకు ఆపండి. తప్పదంటే యాక్సిలేటర్ తొక్కకుండా నెమ్మదిగా దగ్గర్లోని షెడ్డుకి తీసుకెళ్లండి. ఎర్రటి ఆయిల్ లైటు గానీ, టెంపరేచర్ లైటు గానీ తోడైతే మాత్రం ఇంజిన్ ఆపేసి కారును కట్టి తీసుకెళ్లాల్సిందే.

కోడ్ చెప్పేది ఫిర్యాదు మాత్రమే

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్ చదివే స్కానర్ పెడితే పి0171 లాంటి కోడ్ ఒకటి వస్తుంది. దాన్ని చూసి "ఫలానా సెన్సార్ పోయింది" అని చెప్పేవాళ్లే ఎక్కువ. హుద్‌హుద్ తుఫాను తర్వాతి రోజులు మన ఊళ్లో ఎవరికీ మరుపురావు. "మా వీధిలో కరెంటు లేదు" అని ఫోన్ చేస్తే, స్తంభం పడిందా, తీగ తెగిందా, ట్రాన్స్‌ఫార్మర్ పోయిందా అన్నది ఆ మాటలో ఉండదు. మనిషి వచ్చి వెతకాలి. కోడ్ కూడా అంతే.

పి0171 అంటే ఇంజిన్‌లోకి వెళ్తున్న మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. గొట్టం చిట్లి దొంగ గాలి లాగుతుండొచ్చు. పెట్రోలు పంపు బలహీనపడి ఉండొచ్చు. ఇంజెక్టర్ పూడుకుపోయి ఉండొచ్చు. గాలిని కొలిచే సెన్సార్ మురికి పట్టి ఉండొచ్చు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ఆక్సిజన్ సెన్సార్ ఈ విషయాన్ని కంప్యూటర్‌కి చేరవేసింది, అంతే. కబురు తెచ్చినవాణ్ని ముందు మార్చేస్తే కబురు మారదు.

ఇంకో సంగతి. చాలా లోపాలకు కంప్యూటర్ వెంటనే లైటు వెలిగించదు. వరసగా రెండు ప్రయాణాల్లో అదే లోపం కనిపిస్తేనే వెలిగిస్తుంది. లోపం పోయాక వరసగా మూడు ప్రయాణాలు సవ్యంగా గడిస్తే తనంతట తనే ఆర్పేస్తుంది. కాబట్టి బ్యాటరీ టర్మినల్ తీసి పెట్టగానే లైటు ఆరితే బాగైనట్టు కాదు. పైగా టర్మినల్ తీస్తే పాత కార్లలో చాలావాటిలో కోడ్‌తో పాటు, లోపం వచ్చిన క్షణాన ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది, ఎంత స్పీడులో ఉంది, ఎంత లోడు మీద ఉంది అన్న రికార్డు కూడా చెరిగిపోతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. అసలు ఆధారం అదే. ఎవరైనా స్పానర్ తీసుకుని బ్యాటరీ వైపు నడిస్తే, "అన్నా, ముందు కోడ్ రాసుకుందాం, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసుకుందాం" అని ఆపండి. నేను ఆపలేదు. నా మొదటి ఆధారం అలా పోయింది.

సొంత స్కానర్ కొనుక్కోవడం

ఎక్కడికి వెళ్లాలనుకున్నా ముందు ఇది చేతిలో ఉండడం మంచిదని నా అభిప్రాయం. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్ని ఓబీడీ పోర్టు అంటారు. అందులో పెట్టే ఈఎల్ఎం327 రకం చిన్న బ్లూటూత్ పరికరాన్ని నేను 850 రూపాయలకు కొన్నాను. ఫోన్‌లో టార్క్ లేదా కార్ స్కానర్ లాంటి యాప్ వేసుకుంటే చాలు.

మీ కారు ఏ కాలానిదో చూసుకోండి. మన దేశంలో బీఎస్-4 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో నాలుగోది) కార్లకు 2010లో ఓబీడీ-1 (కారు తన లోపాలు తనే కనిపెట్టే ఏర్పాటు), 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి చేశారు. అయితే బీఎస్-4 దేశమంతటా అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అంతకు ముందు కొన్న కారైతే బీఎస్-3 కావచ్చు, ఆర్సీ వివరాల్లో చూడండి. మరీ పాత కార్లలో పోర్టు ఉన్నా ఈ చవక స్కానర్‌తో మాట్లాడకపోవచ్చు. కొనేముందు మీ మోడల్ కారే ఉన్నవాళ్లు ఎవరైనా పరిచయముంటే వాళ్ల స్కానర్ పెట్టి చూడండి.

ఈ పరికరం ఏం చేయగలదు? ఇంజిన్ కోడ్ చదువుతుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ చూపిస్తుంది, ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్లు ఇచ్చే అంకెలు, అంటే లైవ్ డేటా, చూపిస్తుంది. చేయలేనివీ ఉన్నాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లోపాలు చాలాసార్లు చదవలేదు. పి1తో మొదలయ్యే కోడ్‌లు కంపెనీ సొంత కోడ్‌లు, వాటికి యాప్ చెప్పే అర్థం తప్పు కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, చేతిలో ఉంది కదా అని క్లియర్ బటన్ నొక్కకండి. రాసుకోండి, ఫోటో తీసుకోండి, అప్పుడు ఆలోచించండి.

లైవ్ డేటాలో నేను ముందు చూసేది ఫ్యూయల్ ట్రిమ్. కంప్యూటర్ తన అసలు లెక్క కన్నా ఎంత శాతం పెట్రోలు ఎక్కువ పోస్తోంది, ఎంత తగ్గిస్తోంది అనేది ఆ అంకె. సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే మామూలే. మా కారులో ఐడ్లింగ్ మీద ప్లస్ 22 కనిపించింది. యాక్సిలేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే ప్లస్ 6కి దిగింది. ఈ రెండు అంకెల్లోనే జవాబు ఉంది, కానీ ఆ రోజు నాకు చదవడం రాలేదు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ, అందులో దొంగ గాలి వాటా పెద్దది. స్పీడు పెరిగితే పీల్చే గాలి పెరుగుతుంది, దొంగ గాలి వాటా చిన్నదైపోతుంది. అంటే గొట్టం ఎక్కడో చిట్లింది. పంపు బలహీనమైతే ఇది తిరగబడుతుంది. ఐడ్లింగ్‌లో పరవాలేదు, తొక్కేకొద్దీ అంకె పెరుగుతుంది.

ఒక జాగ్రత్త. మా కారులో గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉంది. దాని బదులు గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్‌తో నడిచే ఇంజిన్లు మన చిన్న కార్లలో చాలా ఉన్నాయి. వాటిలో ఇదే చీలిక ఐడ్లింగ్ పెరగడంగా కనిపించొచ్చు, ట్రిమ్ అంత దూరం పోకపోవచ్చు.

స్కానర్ లేనివాళ్ల దగ్గర కూడా ఒక ఆధారం ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పొల్యూషన్ సర్టిఫికెట్. పరీక్ష నిజంగా చేయించుకుంటే దాని మీద కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ అంకెలు ఉంటాయి. బీఎస్-4 పెట్రోలు కారుకు ఐడ్లింగ్‌లో పరిమితి 0.3 శాతం, 200 పీపీఎం. మొదటిది పెరిగితే పెట్రోలు ఎక్కువ పోస్తున్నట్టు, రెండోది ఒక్కటే ఎగబాకితే మిస్సింగ్ ఉన్నట్టు అనుమానించొచ్చు. నిరుటి కాగితం, ఈ ఏటి కాగితం పక్కపక్కన పెట్టి చూడండి.

పేటలో మెకానిక్

ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం, మౌంటింగులు, బెల్టులు. వీటికి మీకు తెలిసిన మెకానిక్‌ను మించినవాళ్లు లేరు. మీ కారు చరిత్ర అతనికి తెలుసు, లేబర్ తక్కువ, చెవి పెట్టి వింటే చాలాసార్లు లోపం పట్టేస్తాడు. లైటు వచ్చి, మీరు ప్లగ్గులు మార్చి 40 వేల కిలోమీటర్లు దాటిందంటే ముందు అక్కడికే వెళ్లండి. జ్ఞానాపురం, మల్కాపురం వైపు ఉండేవాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే తీసి చూడడం మంచిది. పోర్టు దుమ్ము నల్లగా పేరుకుని ఉంటుంది.

ఇబ్బంది ఎక్కడంటే, లోపం కంటికీ చెవికీ అందనప్పుడు. స్కానర్ లేకపోవడమో, ఉన్నా కోడ్ చదివి ఆగిపోవడమో జరుగుతుంది. నాకు మొదటిసారి టర్మినల్ తీసి పెట్టి 200 తీసుకున్నారు. రెండోసారి కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సార్ అన్నారు, 4,200 అయింది. నాలుగో రోజు లైటు వెలిగింది. ఆయన మోసం చేశారని నేను అనను. తన చేతిలో ఉన్న సాధనంతో అంతవరకే చూడగలిగారు. అలాంటి చోట ఒకే ప్రశ్న అడగండి: "ఈ సెన్సార్ పోయిందని ఎలా తెలిసింది అన్నా?" కోడ్ వచ్చింది కాబట్టి అన్నది జవాబైతే, పార్టు కొనకుండా బయటికి రండి.

ఆటో ఎలక్ట్రీషియన్, మన ఊరికి ప్రత్యేకం

సముద్రం పక్కన బతికే కార్లకు ఈ మనిషి అవసరం అందరికన్నా ఎక్కువ. హైదరాబాద్‌లో రాసిన సలహాల్లో ఇది కనిపించదు. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు ఉప్పు గాలి రాత్రంతా బానెట్ కిందికి పోతూనే ఉంటుంది. ఎర్త్ వైరు బోల్టుల కింద, సెన్సార్ కప్లర్ల (వైర్లు కలిపే కనెక్టర్ల) లోపల తుప్పు పడుతుంది. సెన్సార్ పంపే సిగ్నల్ చాలా సన్నని వోల్టేజీ. దారిలో కొంచెం తుప్పున్నా అంకె మారిపోతుంది, కంప్యూటర్ సెన్సార్‌నే అనుమానిస్తుంది.

ఎండాడలో ఉండే మా బావ కారు కథ ఇదే. వాన పడినప్పుడో, మంచు కురిసిన పొద్దుటి పూటో లైటు వచ్చేది, ఎండ ఎక్కాక బండి మామూలే. కోడ్ పి0340, క్యామ్‌షాఫ్ట్ సెన్సార్. రెండుసార్లు సెన్సార్ మార్చాడు. తర్వాత ఎవరో చెబితే కంచరపాలెంలో ఒక పెద్దాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన స్కానర్ అడగలేదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒక్కొక్క కప్లర్ పట్టుకుని మెల్లగా కదిపారు. మూడోది కదిపేసరికి ఇంజిన్ ఒక్కసారి తడబడింది. కప్లర్ ఊడదీసి ఎండలోకి తిప్పి చూపించారు. మూడు పిన్నుల్లో మధ్యది పాచి పట్టిన రాగి చెంబులా ఆకుపచ్చగా ఉంది. "సెన్సార్ బాగానే ఉంది బాబూ, దానికెళ్లే దారే పాడైంది" అన్నారు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పిన్ను కత్తిరించి కొత్తది వేసి, పైన గ్రీజు పూసి ఇచ్చారు. ఐదు వందలు తీసుకున్నారు. ఏడాదిన్నర దాటింది, బావ కారులో ఆ కోడ్ మళ్లీ రాలేదు.

కాబట్టి తడి రోజుల్లోనే లైటు వస్తున్నా, గుంతలో పడినప్పుడు వచ్చి పోతున్నా, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు ఒకేసారి వచ్చినా ముందు ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. బ్యాటరీ, ఎర్త్ చూడమని అడగండి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెడితే 0.2 వోల్టుల లోపు రావాలి. 0.5 దాటితే ఎర్త్ బాగాలేనట్టే. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద సుమారు 13.5 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉండాలి. ఇది ఐదు నిమిషాల పని. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టేవాళ్ల కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం కూడా మామూలే, అదీ చూడమనండి. వాటర్ సర్వీసింగ్‌లో బానెట్ కింద ప్రెషర్ గన్ కొట్టనివ్వకండి. కప్లర్లలోకి నీళ్లు అలాగే పోతాయి.

కంపెనీ సర్వీస్ సెంటర్

పాత కారును అక్కడికి తీసుకెళ్లడం దండగ అని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. కొన్ని పనులు అక్కడే సరిగా అవుతాయి. కంపెనీ సొంత స్కానర్, వైరింగ్ డయాగ్రమ్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, తాళానికి సంబంధించిన ఇమ్మొబిలైజర్ కోడింగ్ వాళ్ల దగ్గర ఉంటాయి. పి1 కోడ్ వచ్చినా, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపమైనా, ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా తోడైనా నేను అక్కడికే వెళ్తాను. కారు ఛాసిస్ నంబర్ చెప్పి, ఈ మోడల్‌కు రీకాల్ ఏదైనా మిగిలి ఉందా అని అడగండి. ఉంటే ఆ పని ఉచితంగా చేస్తారు.

లోపం గంటల తరబడి వెతకాల్సినదైతే మాత్రం అక్కడ మీ డబ్బు నిలవదు. పదేళ్లు దాటిన బండి మీద అంత సమయం పెట్టే వీలు వాళ్లకుండదు, అసెంబ్లీ మొత్తం మార్చే ఎస్టిమేట్ ఇస్తారు. నాకు ఇచ్చింది 14,600కు. మళ్లీ ఆక్సిజన్ సెన్సార్, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ. సెన్సార్ మార్చి నెలన్నర కాలేదని చెప్పినా జాబ్ కార్డ్‌లో మారలేదు. 900 కట్టి బండి తెచ్చేసుకున్నాను. మీరు వెళ్తే రెండు పనులు విడివిడిగా రాయించండి: మొదటి రోజు లోపం తేల్చడం మాత్రమే, మిగతా పని మీరు ఫోన్‌లో ఒప్పుకున్నాకే.

ఆటోనగర్‌లో స్కానింగ్ చేసేవాళ్లు

గాజువాక ఆటోనగర్‌లో, ఊళ్లో మరికొన్ని చోట్ల అన్ని కంపెనీల కార్లూ చూసే వర్క్‌షాపులు ఉన్నాయి. మంచి స్కానర్, దాన్ని చదవడం వచ్చిన మనిషి, ఇద్దరూ ఒకే చోట ఉంటే పాత కారుకు నేను వేసే మొదటి ఓటు ఇక్కడికే. కానీ బోర్డు చూసి నమ్మకండి. లోపలికి వెళ్లి మూడు విషయాలు కనుక్కోండి. లైవ్ డేటా నాకు చూపిస్తారా? స్మోక్ టెస్ట్ మిషన్ ఉందా? లోపం తేల్చి, పార్టు వేయకపోతే ఎంత తీసుకుంటారు? మూడో ప్రశ్నకు సూటిగా అంకె చెప్పినవాళ్లు పని తెలిసినవాళ్లని నా అనుభవం. "స్కానింగ్ ఫ్రీ సార్" అన్నచోట ఆ డబ్బు పార్టుల్లో కలుస్తుంది.

నేను వెళ్లిన చోట ముప్పై ఏళ్లు కూడా నిండని అబ్బాయి ఉన్నాడు. నేను ఫోన్‌లో తీసిన ఫోటోలు చూపిస్తే, ప్లస్ 22, ప్లస్ 6 అన్న అంకెల దగ్గరే ఆగాడు. "సెన్సార్ ఎందుకు మార్చారు సార్, ఇది గాలి లాగుతోంది" అన్నాడు. ఎయిర్ ఫిల్టర్ గొట్టం ఊడదీసి, దానికి మిషన్ తగిలించి ఇంజిన్ లోపలికి పొగ పంపాడు. ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఇంజిన్ వెనక, ఫైర్‌వాల్ పక్కన, వేలెడు పొడవున్న ఎల్ ఆకారపు రబ్బరు గొట్టం కింది నుంచి సన్నగా అగరొత్తి పొగలా లేచింది. పైనుంచి చూస్తే ఆ గొట్టం బాగానే ఉంది. అద్దం పెట్టి చూస్తే వంపు కింద గోరంత పొడవున పగులు. ఇంజిన్ ఆవిర్లు మళ్లీ లోపలికి పీల్చుకునే పీసీవీ గొట్టం అది. పదేళ్ల వేడికి రబ్బరు బిరుసెక్కి పగిలింది.

టెస్టుకు 800, గొట్టం 340, లేబర్ 300. గంటన్నరలో అయిపోయింది.

స్మోక్ మిషన్ లేని చోట కార్బ్ క్లీనర్‌ను నడుస్తున్న ఇంజిన్ మీద కొట్టి, ఆర్‌పీఎం మారిందా అని చూస్తారు. అది మండే పదార్థం, పక్కనే వేడి సైలెన్సర్ ఉంటుంది. మీ కారు మీద ఆ పని చేయనివ్వకండి.

డీజిల్ కార్లకు రెండు మాటలు. పి0401 అంటే ఈజీఆర్ దారిలో, అంటే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే దారిలో, పొగ చాలినంత పారడం లేదని. ఎక్కువసార్లు అది మసితో పూడి ఉంటుంది. గోపాలపట్నం నుంచి ఎన్ఏడీ కొత్తరోడ్డు దాకా పోయి వచ్చే చిన్న చిన్న ప్రయాణాల కార్లకు ఇది ఎక్కువ. వాల్వు మార్చేముందు విప్పి శుభ్రం చేయించండి, చాలాసార్లు అదే సరిపోతుంది. టర్బో నుంచి గాలి ఒత్తిడి చాలడం లేదనే పి0299 వచ్చి, అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు బండి నీరసపడితే టర్బో మార్చమనేవాళ్లు ఉంటారు. ముందు టర్బో నుంచి వచ్చే రబ్బరు హోసులు, వాటి క్లిప్పులు చూడమనండి. వాటి కీళ్ల దగ్గర నల్లటి ఆయిల్ తడి ఉంటే అక్కడే గాలి పోతోంది.

పార్టు మార్చక తప్పకపోతే

సెన్సార్లలో డూప్లికేట్ వద్దు. కార్ల కంపెనీలకు సెన్సార్లు తయారుచేసి ఇచ్చే బోష్, డెన్సో, ఎన్‌జీకే లాంటి వాళ్ల సరుకు బయట కూడా దొరుకుతుంది. పార్టు నంబర్ సరిపోతే కంపెనీ డబ్బాలో ఉన్నదానికన్నా తక్కువకు రావచ్చు. సెకండ్ హ్యాండ్ సెన్సార్‌కు ఇచ్చే డబ్బు వృథా, అది ఎంతకాలం పనిచేసిందో ఎవరికీ తెలియదు. బ్రాకెట్లు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, వైరింగ్ ముక్క, కప్లర్ లాంటివి మాత్రం సెకండ్ హ్యాండ్‌లో నిరభ్యంతరంగా తీసుకోండి. సెకండ్ హ్యాండ్ ఈసీయూ జోలికి పోయేముందు ఇమ్మొబిలైజర్‌కు జత కుదురుస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

పి0420 వస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందని చెబుతారు. కాస్త ఆగండి. కన్వర్టర్‌కు ముందు సైలెన్సర్ జాయింట్‌లో లీకున్నా, మిస్సింగ్ ఉన్నా ఇదే కోడ్ రావచ్చు. లైవ్ డేటాలో కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సార్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ, వెనక సెన్సార్ 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటే కన్వర్టర్ పనిచేస్తున్నట్టే. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే అనుమానం నిజం కావచ్చు. అప్పుడు కూడా అది ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది వేయిస్తే కొత్తదీ పోతుంది. పాతదాన్ని అక్కడ వదిలేయకండి, అందులో ప్లాటినం, పలాడియం, రోడియం ఉంటాయి, దానికి ధర ఉంది. కన్వర్టర్ తీసేసి ఖాళీ గొట్టం వేస్తామనేవాళ్లకు దండం పెట్టి వచ్చేయండి. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్లే లైటు వస్తోందని ఇప్పుడు ప్రతి షెడ్డులోనూ వింటున్నాం. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కంప్యూటర్ కొంచెం ఎక్కువ పోయాలి, ట్రిమ్ కొన్ని శాతాలు పైకి జరుగుతుంది. అప్పటికే అంచున ఉన్న కారులో ఆ కొంచెమే లైటు వెలిగించొచ్చు. కానీ ప్లస్ 22కు దాన్ని కారణంగా చెప్పి పంపేస్తే ఒప్పుకోకండి. ఈ20కి తయారుకాని పాత కార్లలో పెట్రోలు దారిలోని రబ్బరు హోసులు, సీళ్లు మాత్రం ఏడాదికోసారి చూపించుకోండి.

ఎంతదాకా ఖర్చు పెట్టాలి

లక్షన్నర పలికే కారుకు నలభై వేల ఎస్టిమేట్ వస్తే ఏం చేయాలని మా ఆఫీసులో ఒకాయన అడిగారు. ఆ నలభైలో లోపం రుజువైన పార్టు ఎంత, "ఎందుకైనా మంచిది" అని కలిపింది ఎంత అని విడదీయమన్నాను. రుజువైంది ఆరు వేలే తేలింది. మిస్సింగ్, పెట్రోలు పంపు, క్రాంక్ సెన్సార్ లాంటివి దారిలో ఆపేసే లోపాలు, వాటికి ఖర్చు పెట్టాల్సిందే. కూలెంట్ వేడెక్కడం లేదని చెప్పే పి0128 సాధారణంగా థర్మోస్టాట్ పని, పెద్ద ఖర్చు కాదు, వాయిదా వేయకండి. లైటు అలవాటైపోయి వదిలేయడం ఒక్కటే నేను అసలు ఒప్పుకోను. ఒకటి వెలుగుతూనే ఉంటే రేపు రెండో లోపం వచ్చినా మీకు తెలిసే దారి లేదు.

రిపేరు అయ్యాక బిల్లు మీద పాత కోడ్, మార్చిన పార్టు, తేదీ, కిలోమీటర్లు రాయించి గ్లవ్ బాక్స్‌లో పెట్టండి. లైటు ఆరిందా అని కాకుండా అంకె మారిందా అని చూడండి. గొట్టం మార్చిన రోజు ఆటోనగర్ నుంచి ఇంటికి వచ్చాను, మర్నాడు అమ్మతో సింహాచలం కొండకు వెళ్లొచ్చాను, రెండు రోజులు ఆఫీసుకి తిప్పాను. ఐదో రోజు సెల్లార్‌లో స్కానర్ పెట్టి ఐడ్లింగ్‌లో చూశాను. ప్లస్ 22 ఉన్న చోట ప్లస్ 3 ఉంది. ఆ అంకె ఫోటో తీసి నాన్నకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "గొట్టం వయసు కూడా కారు వయసే కదరా, మిగతావీ చూపించు" అన్నారు. వచ్చే ఆదివారం బానెట్ కింద ఉన్న రబ్బరు గొట్టాలన్నీ చూపించడానికి మా పేట మెకానిక్ దగ్గరికే వెళ్తున్నాను.